అరగంటలో ఆరు దెయ్యాలు

ఫోనుతో నాలుగు నిమిషాల సినిమా తీసి, అందులో ఒక దెయ్యాన్ని పెట్టి, "అంకుల్, ఒక్కసారి చూసి చెప్పండి" అంటూ మా ఇంటికి వచ్చే కుర్రకారు ఈ మధ్య ఎక్కువయ్యారు. రావద్దని అనను. వాళ్లు వస్తే మా ఆవిడ టీ పెడుతుంది, ఆ వంకన నాకూ ఒకటి దొరుకుతుంది. కానీ అందరికీ చెప్పిందే చెప్పి నోరు నొప్పి పుడుతోంది. అందుకే రాసి పెడుతున్నాను. ఇకమీదట వచ్చేవాళ్లు ముందు ఇది చదివి రావాలి.

నా పేరు బాజీ. గుంటూరులో పాతికేళ్లు వీడియో ఎడిటర్‌గా పనిచేశాను. మా నాన్న దర్జీ. ఆయన కత్తెరే నా చేతికి వచ్చిందని మా అమ్మ చుట్టాలకు గొప్పగా చెప్పేది. నా పనిలో కత్తెర ఉండదని ఎన్నిసార్లు చెప్పినా వినేది కాదు. తొంభైల చివర్లో నేను చేసినవన్నీ పెళ్లి క్యాసెట్లే. వధూవరులను తామరపువ్వులో కూర్చోబెట్టడం, తాళి కట్టే వేళకు పైనుంచి గులాబీలు రాల్చడం, పెళ్లికొడుకు మేనమామ అలిగి లేచిపోయిన ముక్కను ఎవరికీ తెలియకుండా తీసేయడం. ఆ మూడోదే అసలు పని. ఏది చూపించాలో అందరికీ తెలుస్తుంది. ఏది తీసేయాలో తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

దెయ్యాల దగ్గరకు నేను కోరి వెళ్లలేదు. పూర్ణచంద్రరావు గారు పంపితే వెళ్లాను.

ఆదివారం మధ్యాహ్నం రెండింటికి

పూర్ణచంద్రరావు గారు మిర్చి వ్యాపారి. కొట్టు కొడుకులకు అప్పగించి తను కేబుల్ పెట్టారు. అప్పట్లో కేబుల్ వాళ్లకు సొంతంగా ఒక లోకల్ చానెల్ ఉండేది. మా చానెల్లో పిల్లల పుట్టినరోజు శుభాకాంక్షలు, చీరల షాపుల ప్రకటనలు, మిర్చి యార్డు ధరలు, రాత్రికి ఒక పాత సినిమా వచ్చేవి. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఒకరోజు ఆయన నన్ను పిలిచారు.

"బాజీ, జనం దెయ్యాలంటే పడిచస్తన్నారయ్యా. మనమూ ఏస్తే ఎట్టా ఉంటది?"

"సీరియలా అండీ?"

"సీరియల్ వద్దు. ఈ వారం చూసినోడికి వచ్చేవారం గుర్తుండదు. ఎప్పటిదప్పుడు తేలిపోవాల. అరగంటలో ఆరు దెయ్యాలు రావాల, పోవాల. మధ్యలో మన ప్రకటనలు."

పొట్టి భయం సినిమాలను ఇలా గుదిగుచ్చి వేయడం ఇతర దేశాల్లో ఎవరు, ఎందుకు మొదలుపెట్టారో నాకు తెలియదు. మేం మాత్రం రెండు ప్రకటనల మధ్య ఖాళీ ఎంతో కొలుచుకుని, ఆ కొలతకు దెయ్యాన్ని కుట్టాం. ఒక్కొక్కటి నాలుగు నిమిషాలు. కార్యక్రమం పేరు కూడా ఆయన నోటి నుంచి వచ్చిందే: అరగంటలో ఆరు.

సాయంత్రాలన్నీ పాటలకు, రాత్రి సినిమాకు పోగా మాకు మిగిలింది ఆదివారం మధ్యాహ్నం రెండు గంటల వేళ. ఆ వేళకు గుంటూరు మనిషి ఎలా ఉంటాడో ఆలోచించండి. మాంసం కూరతో అన్నం తిని, ఫ్యాను కింద చాప వేసుకుని, ఒక కన్ను అప్పటికే మూసి ఉంటాడు. వాణ్ణి భయపెట్టాలి! పైగా పొద్దు వాలేలోపు వ్యాను ఆఫీసుకు వచ్చేయాలని పూర్ణచంద్రరావు గారి ఆర్డరు. వ్యానుకు హెడ్‌లైట్లు సరిగా లేవనేవారు. హెడ్‌లైట్లు బాగానే ఉండేవి. ఆయనకే దెయ్యాలంటే భయం.

అలా మా దెయ్యాలన్నీ పగటి దెయ్యాలయ్యాయి. మొదట ఏడ్చాను. తర్వాత అదే మాకు కలిసొచ్చింది. చిన్నప్పుడు మా అమ్మ మిట్టమధ్యాహ్నం వీధిలోకి పోనిచ్చేది కాదు. ఆ వేళకు వీధి ఎలా ఉంటుందో గుర్తు చేసుకుంటే చాలు, మనిషి ఉండడు, కుక్క మొరగదు, ఎండ మాత్రం ఉంటుంది. డాబా మీద ఆరేసిన పది చీరల్లో ఒకటి తనంతట తనే మడత పడితే, దానికి చీకటి అక్కర్లేదు. మీరంతా లైట్లు ఆర్పేసి తీస్తున్నారు. చీకట్లో భయపెట్టడం ఎవడైనా చేస్తాడు.

తుమ్మిన దెయ్యం

మా దెయ్యం పేరు సుగుణమ్మ గారు. పౌరాణిక నాటకాల్లో ముప్పై ఏళ్లు రాణి వేషాలు, దేవత వేషాలు కట్టిన మనిషి. యాభై దాటినా గొంతు విప్పితే మైకు అక్కర్లేదు. నాటకాలు తగ్గిపోయి ఇంట్లో ఉంటున్నారని తెలిసి పిలిచాం. మొదటిరోజు కాగితం చేతికివ్వగానే వెనక్కి తిప్పి కూడా చూశారు.

"నా పద్యం ఏదీ నాయనా?"

"దెయ్యానికి పద్యం లేదమ్మా."

"పోనీ డైలాగు?"

"అదీ లేదమ్మా. మీరు లేచి నిలబడతారు, అంతే."

"దానికి నేనెందుకూ? కర్రకు చీర చుట్టి నిలబెట్టకపోయారా?"

అలిగారు గానీ వచ్చారు. నరసరావుపేట రోడ్డులో ఒక మిరపకళ్లంలో షూటింగు. అరెకరం మేర ఎర్రగా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. నడుమ తెల్లచీరలో సుగుణమ్మ గారు కాయల్లోంచి మెల్లగా లేవాలి. కాగితం మీద చూసుకున్నప్పుడు నా ఒళ్లు నాకే జలదరించింది. కళ్లంలో మాత్రం ఆవిడ లేచి, జుట్టు వెనక్కి విదిల్చి, కళ్లు పెద్దవి చేసి, తుమ్మారు. మళ్లీ పడుకోబెట్టాం. మళ్లీ లేచారు, మళ్లీ తుమ్మారు. మూడోసారికి కెమెరామన్ కూడా తుమ్మడంతో బొమ్మలో మిరపకాయలతో సహా భూమి కంపించింది. మధ్యాహ్నానికి కళ్లం రైతు వచ్చి, "దెయ్యానికి జలుబు చేసినట్టుంది, కషాయం పెట్టించమంటారా?" అని అడిగాడు.

ఒక్క షాటూ పనికిరాలేదు. ఆ వారానికి వేరేది చేతిలో లేదు. తెల్లవార్లూ కూర్చునే ఓపిక లేక, ఊరికే ఒక తుమ్మును కంప్యూటర్లో నాలుగోవంతు వేగానికి తగ్గించి విన్నాను. అది తుమ్ములా లేదు. ఏదో పెద్ద ప్రాణి ఊపిరి పీల్చి, పీల్చి, పీల్చి, ఒక్కసారి విరుచుకుపడినట్టుంది. దెయ్యాన్ని మొత్తం తీసేశాను. మనిషి లేని ఎర్రటి కళ్లం, ఎండ, ఆ శబ్దం. అంతే ఉంచాను.

ఆదివారం ఫోన్లు ఆగలేదు. ఒకాయన వాళ్ల అత్తగారు కంచం ముందునుంచి లేచిపోయిందని చెప్పి, కోప్పడకుండా కృతజ్ఞతలు చెప్పాడు. సుగుణమ్మ గారు సోమవారం వచ్చి, "ముప్పై ఏళ్లు పద్యాలు పాడితే రాని పేరు తుమ్మితే వచ్చింది" అని కూర్చుని, అరగంట నవ్వారు. ఆ తర్వాత ఆవిడ ఏనాడూ డైలాగు అడగలేదు. నేర్చుకున్నది నేనే. బొమ్మ చేయలేని పని చప్పుడు చేస్తుంది. పాడైపోయిన షాటును పారేసే ముందు ఒక్కసారి కళ్లు మూసుకుని వినండి.

పేపరు వెనక యజమాని

ప్రతి శనివారం ఆరు సినిమాలూ పూర్ణచంద్రరావు గారికి చూపించి సరేననిపించుకోవాలి. ఆయన కుర్చీలో కూర్చుని, ముఖానికి అడ్డంగా పేపరు పట్టుకునేవారు.

"వచ్చిందా?"

"ఇంకా లేదండీ."

"ఇప్పుడో?"

"వచ్చిందండీ."

"పోయిందా?"

"పోయిందండీ."

"బాగుంది. ఏసెయ్."

నేను చూసిన యజమానుల్లో ఈయనే మంచివాడు. చూడలేదు కాబట్టి వేలు పెట్టలేదు. చూసిన ప్రతివాడూ ఏదో ఒకటి మార్చమనేవాడు. ఒక్కసారి మాత్రం ఆయన్ను అడ్డుపెట్టుకుని చీరల షాపు ఓనరొకాయన వచ్చాడు. వారంవారం ప్రకటన ఇస్తున్నాను కనుక దెయ్యం తన షాపు పట్టుచీర కట్టుకోవాలన్నాడు. సరేనన్నాం. లేచి గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

"ఒక్కమాట. మా చీర కట్టిన ఆడమనిషి చావగూడదు. అశుభం."

"దెయ్యం అంటేనే చనిపోయిన మనిషి కదండీ?"

"అదంతా నాకు తెలవదు. చావకుండా దెయ్యం అవ్వాల."

రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకుని, చివరికి పట్టుచీర బతికున్న మనిషికి కట్టాం. పెళ్లికి వెళ్లబోతున్న ఇల్లాలు అద్దం ముందు ముస్తాబవుతూ ఉంటుంది, వెనక దెయ్యం నిలబడుతుంది. "చీర ఎట్టా ఉంది, చెప్పు" అని ఆవిడ దెయ్యాన్నే అడుగుతుంది. వంక పెట్టిన పాపానికి దెయ్యాన్ని ఇల్లంతా తరుముతుంది. దాన్ని ఆ వారం ఆరోదిగా, చివర వేశాం. జనం నవ్వుకుంటూ టీవీ కట్టేసి నిద్రపోయారట. అప్పటినుంచి ఆరోది ఎప్పుడూ నవ్వించేదే. భయపెట్టి వదిలేస్తే వచ్చేవారం ఇంట్లో ఆడవాళ్లు ఆ చానెల్ పెట్టనివ్వరు.

ఆరింటినీ పేర్చడం నా అసలు విద్య. దాని గురించి ఎవరూ అడగరు. బాగా వచ్చిన వాటిని ముందే వరసగా పెట్టేయకండి. మొదట ఫర్వాలేదనిపించేది, రెండోది దానికంటే గట్టిది, మూడోది ఆ వారం చెడిపోయింది. అప్పటికి చూసేవాడు కుదురుకుని ఉంటాడు గనుక క్షమిస్తాడు. నాలుగోది మళ్లీ ఫర్వాలేదనిపించేది, ఐదోది అన్నింటికంటే గట్టిది. ప్రతి రెండింటికీ నడుమ మూడు సెకన్లు ఖాళీ నలుపు. ఆ మూడు సెకన్లలో వాడు తన ఇంట్లో తలుపు వంక చూస్తాడు.

మూడో స్థానంలో నేను దాచినవి చాలా ఉన్నాయి. వాడరేవులో సముద్రంలోంచి నడిచొచ్చే దెయ్యం వాటిలో ఒకటి. సుగుణమ్మ గారు నీళ్లలోంచి జుట్టు విరబోసుకుని వస్తుంటే, సెలవుకు వచ్చిన జనం పక్కన నిలబడి ఫొటోలు దిగారు. గట్టెక్కేసరికి ఒక జాలరి ఆవిడ, "అమ్మా, ఎండుచేపలు తొక్కమాక, అవతలగా పో!" అని దెయ్యాన్ని అదిలించింది. సుగుణమ్మ గారు "తప్పయిపోయిందమ్మా" అని పక్కకు జరిగారు. ఆ ముక్క టేపులో పడింది. దాన్ని తీసేశాక మిగిలింది ఒకటిన్నర నిమిషం.

నల్లపాడు ఊయల

ఇప్పటిదాకా నవ్వుకోవడానికి చెప్పాను. ఇది నా తప్పు గురించి.

నల్లపాడులో ఒక ఇంటి ఆవరణలో చిన్నపిల్లల బడి ఉండేది. ఎల్కేజీ, యూకేజీ. పచ్చ గేటు, దాని మీద చిలకల బొమ్మలు, లోపల ఇనప ఊయల. వేసవి సెలవుల్లో అటుగా వెళ్తూ చూశాను. మూసి ఉన్న బడి, కదలని ఊయల. కథ అక్కడే తయారైంది.

మధ్యాహ్నం బడి వదిలాక ఒక తల్లి బిడ్డను తీసుకెళ్లడానికి ఆలస్యంగా వస్తుంది. గేటు దగ్గర ఎవరూ లేరు. లోపల ఊయల ఊగుతోంది, మనకు దాని వీపుపలకే కనిపిస్తుంది, అందులో కూర్చున్నదెవరో కనబడదు. "రామ్మా, పోదాం" అంటుంది. "అమ్మా, ఇంకో ఐదు నిమిషాలు" అని పిల్ల గొంతు. తల్లి విసుక్కుని గేటు బయట అరుగు మీద కూర్చుంటుంది. మళ్లీ పిలుస్తుంది. మళ్లీ "ఇంకో ఐదు నిమిషాలు." ఇంతలో ఎవరో ఆవిడ కొంగు పట్టి లాగుతారు. తిరిగి చూస్తే, వీధిలో పుస్తకాల సంచీతో తన కూతురు. "అమ్మా, ఎవరితో మాట్లాడుతున్నావ్?"

దెయ్యం కనిపించదు. రక్తం లేదు. పాతికేళ్లలో నేను చేసినవాటిలో అంత బాగా కుదిరింది ఇంకొకటి లేదు.

బడి మూసి ఉంది కదా అని ఎవర్నీ అడగలేదు. గోడ దూకింది నేనే. ఊయలకు నైలాన్ దారం కట్టింది నేనే. గోడ అవతల కూర్చుని దారం లాగుతూ పిల్ల గొంతుతో పలికింది సుగుణమ్మ గారు. బడి పేరున్న బోర్డు తెర మీద పడకుండా జాగ్రత్తపడి, చిలకల గేటును మాత్రం నిండుగా చూపించాను. గేటు అందంగా ఉంది మరి.

జూన్లో బళ్లు తెరిచే ముందు ఆదివారం అది ఐదోదిగా వెళ్లింది. పది రోజులకు ఆఫీసులోకి ఒకావిడ గొడుగు మడుస్తూ వచ్చారు. నలభై ఐదేళ్లుంటాయి, ఇస్త్రీ చేసిన నూలు చీర.

"దెయ్యాలు తీసేది మీరేనా?"

"నేనేనండీ."

"నా పేరు గ్రేసమ్మ. నల్లపాడులో ఆ బడి నాది. మా బళ్లో దెయ్యాలు ఎన్నున్నాయో, ఏ క్లాసులో ఉన్నాయో చెప్తే రిజిస్టర్లో రాసుకుంటాను."

లేచి కుర్చీ జరిపాను. ఆవిడే నెమ్మదిగా చెప్పారు. నలభై రెండుమంది పిల్లలు రావాల్సిన చోట పదకొండుమంది వచ్చారు. మిగతావాళ్లు గేటు కనబడగానే రిక్షాలోనే ఏడుపు అందుకుంటున్నారు. "పెద్దోళ్లు నా ముందు నవ్వుతానే ఉన్నారండీ. నవ్వుతానే పక్క బళ్లో చేర్పిస్తన్నారు. ఇద్దరు టీచర్లున్నారు నా దగ్గర. వాళ్లకి నేనేం చెప్పను?"

"గేటు తెరిచి ఉందనుకుని..." అని నసిగాను.

"తాళం వేసి వెళ్లాను. గోడ దూకారా?"

"దూకానండీ."

"ఈ వయసులోనా?" అని ఒక్క క్షణం నిజంగానే ఆశ్చర్యపోయి, మళ్లీ కోపం తెచ్చుకున్నారు.

పూర్ణచంద్రరావు గారు లోపలి నుంచి వచ్చారు. "ఇంతేనా టీచరమ్మా! కింద అక్షరాలు తిప్పిస్తా. రేపటికల్లా సర్దుకుంటది" అని మాటిచ్చారు. మర్నాటి నుంచి మా చానెల్లో పొద్దస్తమానం ఆ వాక్యం పరిగెత్తింది: నల్లపాడులోని చిలకల గేటు బడిలో ఎటువంటి దెయ్యమూ లేదని ప్రజలకు తెలియజేయడమైనది.

అంతవరకు ఆ గేటును గుర్తుపట్టింది నల్లపాడు వాళ్లే. ఇప్పుడు గుంటూరంతటికీ తెలిసింది. "ఏం లేకపోతే లేదని ఎందుకు ఏస్తార్రా?" అని టీ కొట్టు దగ్గర ఒకడు ఇంకొకడితో అనడం నా చెవులతో విన్నాను. బడికి ఎనిమిదిమంది వచ్చారు.

పూర్ణచంద్రరావు గారు ఊరుకోలేదు. నాకు చెప్పకుండా యార్డు నుంచి నాణ్యమైన మిరపకాయలు ఏరించి, గుమ్మడికాయంత దిష్టి దండ కట్టించి, నిమ్మకాయలతో సహా పొద్దున్నే వెళ్లి తన చేత్తో గేటుకు వేలాడదీసి వచ్చారు. ఆ రోజు ఐదుగురు వచ్చారు. అందులో ఇద్దరు ఆ వీధి వాళ్లే, వాళ్ల ఇంటి వాకిలి కూడా అటే ఉండటంతో తప్పించుకోలేకపోయారు.

గ్రేసమ్మ గారు ఆ దండ పట్టుకుని మళ్లీ వచ్చి నా బల్ల మీద పెట్టారు. వెంటనే గొడుగు తెరుచుకుని వెళ్లిపోయారు. దానికంటే తిట్టినా బాగుండేది. పొట్టి సినిమా నాలుగు నిమిషాల్లో అయిపోతుందని నేను అనుకునేవాణ్ణి. దాని భయం మాత్రం ఒక మనిషి గేటు దగ్గర కాపలా కూర్చుంది. లేపడం మాకు చేతకావడం లేదు.

పౌడరు డబ్బా

సంగతి విని సుగుణమ్మ గారు చీవాట్లు పెట్టారు. "ఒకడు గోడ దూకాడు, ఒకాయన మిరపకాయలు కట్టాడు. నన్ను తీసకెళ్లండి. దెయ్యాన్ని నేను గదా!"

మర్నాడు పొద్దున బడి వేళకు ముగ్గురం వెళ్లాం. అంటే ఇద్దరం లోపలికి వెళ్లాం, పూర్ణచంద్రరావు గారు వ్యానులో కూర్చున్నారు. సుగుణమ్మ గారు వరండాలో కింద చతికిలబడి మేకప్ పెట్టె తెరిచారు. ఐదుగురు పిల్లలూ గోడకు అంటుకుపోయారు. ఆవిడ వాళ్ల వంక చూడకుండా ముఖానికి తెల్లగా పూసుకుంటూ, కళ్ల కింద నల్లగా దిద్దుకుంటూ, ఏదో కూనిరాగం తీస్తున్నారు. సగం ముఖం దెయ్యం, సగం ముఖం సుగుణమ్మ గారు. కాసేపటికి రెండు జడల పిల్ల ఒకతి నాలుగడుగులు వేసి, డబ్బాలోకి తొంగి చూసింది.

"ఇది మా అమ్మ రాసుకునే పౌడరే."

"అవునే. మీ అమ్మ కొంచెం రాసుకుంటది, నేను డబ్బా బోర్లేసుకుంటా. నీక్కావాలా?"

పిల్ల ఆలోచించి ముఖం ముందుకు చాపింది.

తర్వాత ఐదు నిమిషాల్లో అక్కడ ఆరు దెయ్యాలున్నాయి. సుగుణమ్మ గారు ఊయలకు దారం కట్టి చూపించారు. ఒక్కొక్కరూ వంతులేసుకుని లాగారు. ఆ తర్వాత ఆవిడ ఆ పెద్ద నోరు సున్నాలా చుట్టి, "అమ్మా, ఇంకో ఐదు నిమిషాలు" అని పిల్ల గొంతుతో అన్నారు. పిల్లలు నవ్వుతూ నేలమీద పడి దొర్లారు. ప్రతివాడూ ఆ మాట పలకాలి. గేటు బయట రిక్షాలు ఆగాయి. వేరే బడికి పోతున్న యూనిఫారాల పిల్లలు చిలకల మధ్యనుంచి తొంగిచూస్తున్నారు. గ్రేసమ్మ గారు స్తంభానికి ఆనుకుని, చేతులు కట్టుకుని, ఇంకా నవ్వకుండా చూస్తున్నారు.

కెమెరా తెచ్చాను కనుక అక్కడే నాలుగు నిమిషాల సినిమా తీద్దామన్నాను. చిక్కు వచ్చిపడింది. అందరూ దెయ్యాలే, భయపడే మనిషి లేడు. ఎవర్ని అడిగినా "నేను దెయ్యాన్ని" అంటారు. గ్రేసమ్మ గారు ప్రయత్నించారు గానీ ఆవిడ ముఖంలో భయం పలకలేదు, పిల్లలే భయపడ్డారు. చివరికి సుగుణమ్మ గారు వ్యాను దగ్గరకు వెళ్లి పూర్ణచంద్రరావు గారిని చెయ్యి పట్టుకుని దించారు.

"నాకు నటన రాదమ్మా."

"మీకు అక్కర్లేదు, రండి."

ఎల్కేజీ కుర్చీలో కూర్చోబెట్టాం. ఊయల ఊగింది. వెనకనుంచి పౌడరు ముఖాలతో ఐదుగురు పిల్లలు వచ్చి ఆయన చెవి దగ్గర, "తాతా, ఇంకో ఐదు నిమిషాలు" అన్నారు. ఆయన పెట్టిన కేక నల్లపాడు స్టేషన్ దాకా వినిపించి ఉంటుంది. లేచి పరిగెత్తారు, కుర్చీ ఆయనతోనే వచ్చింది. గ్రేసమ్మ గారు అప్పుడు నవ్వారు. స్తంభం పట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ, నిలబడలేక కూర్చుండిపోయి నవ్వారు.

ఆ ఆదివారం ఆరోదిగా అదే వేశాం. సోమవారం పదిహేడుమంది వచ్చారు. ఆ నెలాఖరుకు ముప్పై నాలుగుమంది అయ్యారు. ఎనిమిదిమంది పిల్లలు మళ్లీ రాలేదు. ఆ ఎనిమిదిమందినీ నేను పోగొట్టినవాళ్లుగానే ఇప్పటికీ చెప్పుకుంటాను. ఇద్దరు టీచర్లలో ఎవర్నీ మానిపించకుండా, తగ్గిన ఫీజులతోనే సర్దుకుని గ్రేసమ్మ గారు ఆ సంవత్సరం నడిపారు.

ఇది మీకు రాసేది ఎందుకంటే, కథలో దెయ్యం ఎక్కడున్నా ఫర్వాలేదు, గేటు మాత్రం మీదై ఉండాలి. ఇంకొకరి గేటు చూపిస్తే, మీరు టీవీ కట్టేసుకున్నాక కూడా వాళ్లు అందులోంచే వెళ్లాలి, రావాలి.

నాలుగు నిమిషాల నలుపు

రెండేళ్లు గడిచాయి. ఇంటింటికీ సీడీ ప్లేయర్లు వచ్చాయి. మంచివి ఆరు ఏరి సీడీ వేద్దామని పూర్ణచంద్రరావు గారు అన్నారు. క్యాసెట్ల షాపుల వాళ్లంతా అడుగుతున్నది ఒక్కటే: ఊయల ఉంటుందా?

"అది వద్దండీ," అన్నాను.

"అది లేకపోతే సీడీ ఎవడికి కావాలయ్యా? టీచరమ్మ గొడవ ఎప్పుడో సద్దుమణిగిందిగా. జనం మర్చిపోయారు."

"టీవీలో వేసింది మర్చిపోతారు. సీడీ ఇంట్లో ఉంటుంది. ఏటా జూన్లో ఆవిడ దగ్గరకి కొత్త పిల్లలు వస్తారండీ."

"చూద్దాంలే," అన్నారు. చూద్దాంలే అంటే వేద్దామని.

కంప్యూటర్లో చోటు చాలక దాని కాపీ ఎప్పుడో తీసేశాను. మిగిలింది ఒక్క టేపు. రెండు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను. ఎంత చెడ్డ సినిమానైనా మూడో స్థానంలో దాచి కాపాడిన మనిషిని. ఇది చెడ్డది కాదు. నా చేతిలో పుట్టిన మంచిది ఇదొక్కటే. మూడో రోజు పొద్దున ఆఫీసుకు ముందే వెళ్లి, టేపు పెట్టి, దాని మీద ఖాళీ నలుపు రికార్డు చేశాను. పూర్తయ్యేదాకా అక్కడే కూర్చున్నాను. నాలుగు నిమిషాలు చాలా పొడవు.

పూర్ణచంద్రరావు గారు రాగానే చెప్పేశాను. రెండు వారాలు నాతో మాట్లాడలేదు. ఏదైనా కావాలంటే, "బాజీకి చెప్పండి" అని గోడకు చెప్పేవారు. మూడో వారం, "పిల్లల దెయ్యాన్ని ఆరోదిగా ఎయ్యి. నేను అరిచింది జనానికి నచ్చింది" అని గోడకే చెప్పారు. అలాగే వేశాను.

మొదటి సీడీ గ్రేసమ్మ గారికి ఇవ్వడానికి నల్లపాడు వెళ్లాను. ఇంటర్వెల్ వేళ, పిల్లలు ఆవరణలో ఆడుకుంటున్నారు. ఊయల సినిమా ఇక ఎక్కడా లేదని, చెరిపేశానని చెప్పాను. ఆవిడ తలూపి అడిగారు.

"ఎట్టా ఉండేదండీ అది?"

"మీరు చూడలేదా?"

"మా ఇంట్లో కేబుల్ లేదుగా. జనం చెప్పింది వినడమే. ఒకళ్లు చెప్పింది ఇంకొకళ్లు చెప్పరు."

ఎల్కేజీ కుర్చీలో కూర్చుని మొత్తం చెప్పాను. ఎండ, మూసిన గేటు, ఆలస్యంగా వచ్చిన తల్లి, ఊయల. ఎక్కడ ఆపానో అక్కడ ఆపుతూ, ఎక్కడ నిశ్శబ్దం ఉంచానో అక్కడ ఊరుకుంటూ. చివర్లో కొంగు పట్టి లాగే దగ్గరకు వచ్చేసరికి ఆవిడ చెయ్యి ఆవిడకు తెలియకుండానే కొంగు మీదకు వెళ్లింది.

"బాగా తీశారండీ," అన్నారు.

ఆ తర్వాత లేచి వరండా అంచుకు వెళ్లి, ఎండలో ఆడుకుంటున్న పిల్లల్ని వేలితో చూపిస్తూ లెక్కపెట్టారు. ఒకసారి కాదు, రెండుసార్లు.